పాపం... కార్బురేటర్!

తెనాలిలో ఓ రిటైర్డ్ మాస్టారు. ఆయనకో 1998 నాటి స్ప్లెండర్. పిల్లలిద్దర్నీ ముందొకర్నీ వెనకొకర్నీ కూర్చోబెట్టుకుని బడికి తీసుకెళ్లిన బండి. ఆ పిల్లలు పెద్దవాళ్లై ఒకరు హైదరాబాద్‌లో, ఒకరు బెంగళూరులో స్థిరపడ్డారు. బండి మాత్రం మాస్టారి దగ్గరే ఉండిపోయింది.

ఈమధ్య దానికో జబ్బు పట్టుకుంది. పొద్దున్నే ఒక్క కిక్కుకే స్టార్టవుతుంది. మూడు నాలుగు కిలోమీటర్లు బుద్ధిగా నడుస్తుంది. ఆ తర్వాత మొదలు ఆయాసం. ఎక్సలేటర్ ఎంత తిప్పినా వేగం తగ్గుతూ తగ్గుతూ నడిరోడ్డు మీద ఆగిపోతుంది. పది నిమిషాలు చెట్టు నీడన నిలబెడితే మళ్లీ ఏమీ ఎరగనట్టు స్టార్టు!

మొదటి మెకానిక్ చూసి ‘కార్బురేటర్‌లో చెత్త చేరింది’ అని విప్పి కడిగాడు. రెండో ఆయన ‘ట్యూనింగ్ తప్పింది’ అని స్క్రూలు తిప్పాడు. మూడో ఆయన ‘ఇక దీని పనైపోయింది’ అని ఏకంగా కొత్త కార్బురేటర్ వేశాడు. బిల్లులు పెరిగాయిగానీ జబ్బు తగ్గలేదు. పైగా మైలేజీ పడిపోయింది, సైలెన్సర్‌లోంచి నల్లపొగ మొదలైంది.

విషయం తెలిసి కొడుకు ఫోన్ చేశాడు. ‘నాన్నా, బండి అమ్మేయండి. రోడ్డు మధ్యలో ఆగిపోయినప్పుడు వెనక లారీ వస్తుంటే ఏం చేస్తారు?’ కాదనడానికి మాస్టారి దగ్గర జవాబు లేదు.

పాత బండి మొరాయిస్తే అందరి వేళ్లూ కార్బురేటర్ వైపే చూపిస్తాయి. నిజానికి చాలాసార్లు దాని తప్పేం ఉండదు. తప్పెక్కడుందో తెలుసుకోకుండా స్క్రూడ్రైవర్ పట్టుకుంటే ఉన్న జబ్బు పోకపోగా కొత్తది వచ్చి చేరుతుంది. ఎక్కడ చూడాలి, ఏ వరసలో చూడాలి అన్నది తెలిస్తే సగం ఖర్చు తగ్గినట్టే.

అసలీ కార్బురేటర్ చేసేదేంటి?

పెట్రోలు ఒక్కటే మండదు. గాలి కలవాలి. అదీ కొలత ప్రకారం. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా కాలాలంటే సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. ఇదే లెక్క లీటర్లలో చెప్పాలంటే ఒక లీటరు పెట్రోలుకు దాదాపు 9 వేల లీటర్ల గాలి! ఇంజిన్ లాగే గాలికి తగ్గట్టు పెట్రోలును సన్నటి తుంపరగా అందులో కలిపి పంపే వంటమాస్టరే కార్బురేటర్.

దాని అడుగున చిన్న గిన్నె ఉంటుంది. ట్యాంకులోంచి వచ్చే పెట్రోలు అందులో ఒకే మట్టంలో ఉండేలా ‘ఫ్లోటు’ చూసుకుంటుంది. మన ఇంటి నీళ్ల ట్యాంకులోని బంతిలాగే. ఆ గిన్నెలోంచి పెట్రోలు పైకి రావడానికి ఇత్తడి ‘జెట్లు’ ఉంటాయి. స్లోలో ఉన్నప్పుడు పనిచేసేది పైలట్ జెట్టు. మధ్య వేగంలో ఎంత పెట్రోలు వెళ్లాలన్నది సూది చూసుకుంటుంది. ఎక్సలేటర్ పూర్తిగా తిప్పినప్పుడు భారమంతా మెయిన్ జెట్టుదే.

2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 నిబంధనలు వచ్చాక కొత్త మోటార్‌సైకిళ్లలో దాదాపు అన్నిట్లో ఈ పనిని ఫ్యూయెల్ ఇంజెక్షన్ చేస్తోంది. అక్కడ సెన్సర్లు లెక్క చూసుకుంటాయి. అంతకుముందు కొన్న స్ప్లెండర్లూ, ఆర్‌ఎక్స్ 100లూ, పాత బుల్లెట్లూ మాత్రం ఆ చిన్న గిన్నె మీదే ఆధారపడి నడుస్తాయి. వాటికి సెన్సర్లు లేవు. గమనించాల్సింది నడిపేవాళ్లే.

చేతక్‌ను ఎందుకు వంచేవాళ్లు?

పాత చేతక్ స్కూటర్ గుర్తుందా? పొద్దున్నే ఎంత తన్నినా స్టార్టవకపోతే నాన్నలు దాన్ని ఓ పక్కకి వంచి, కాసేపాగి లేపి కిక్ కొట్టేవారు. వెంటనే ‘డుర్‌ర్’మనేది! అదేం మంత్రం కాదు. వంచినప్పుడు గిన్నెలోని పెట్రోలు కాస్త ఎక్కువగా ఇంజిన్ దారిలోకి చేరేది. చల్లటి ఇంజిన్‌కు కావాల్సింది అదే... గాలి తక్కువ, పెట్రోలు ఎక్కువ. బండికి ఉండే ‘చోక్’ చేసే పనీ ఇదే.

ఇందులోనే ఓ చిన్న పరీక్ష దాగుంది. పెట్రోలు ఎక్కువైతే మెకానిక్‌ల భాషలో ‘రిచ్’, గాలి ఎక్కువైతే ‘లీన్’. మీ బండి ఈ రెంటిలో ఏదో తెలియాలంటే ఇంజిన్ బాగా వేడెక్కాక, బండి మొరాయిస్తున్న సమయంలో చోక్ సగం లాగి చూడండి. నడక మెరుగైతే పెట్రోలు చాలడం లేదన్నమాట. ఇంకా ఉక్కిరిబిక్కిరైతే పెట్రోలు ఇప్పటికే ఎక్కువైందని అర్థం. ట్రాఫిక్‌లో కాదు... ఖాళీ స్థలంలో చూడాలి. చూశాక చోక్ మూసేయడం మర్చిపోకూడదు.

లక్షణాలు చెబుతాయి

రిచ్ అయితే: నల్లపొగ, పచ్చి పెట్రోలు వాసన, తగ్గిన మైలేజీ. చల్లగా ఉన్నప్పుడు బాగానే నడిచి వేడెక్కేకొద్దీ బండి బరువుగా లాగడం. ప్లగ్గు మీద పొడి మసి.

లీన్ అయితే: చోక్ తీయగానే ఆగిపోవడం, ఎక్సలేటర్ తిప్పగానే ఒక్క క్షణం గుటక వేసినట్టు తడబడటం, వదిలేశాక కూడా ఇంజిన్ శబ్దం వెంటనే తగ్గకపోవడం, సైలెన్సర్‌లో ‘ఫట్ ఫట్’ శబ్దాలు, ఇంజిన్ మరీ వేడెక్కడం. ప్లగ్గు కొన తెల్లగా పాలిపోవడం.

రిచ్ జేబుకు చేటు, లీన్ ఇంజిన్‌కు చేటు. ముఖ్యంగా ఆర్‌ఎక్స్ 100 లాంటి టూ స్ట్రోక్ బండ్లలో లీన్‌గా చాలాదూరం వేగంగా నడిపితే పిస్టన్ వేడికి ఉబ్బి ఇంజిన్ పట్టేసే ప్రమాదం ఉంది. వెనక చక్రం ఒక్కసారిగా బిగుసుకుపోతే నడిపేవారికీ ముప్పే.

నీలిరంగు పొగ వస్తే మాత్రం సంగతి వేరు. ఫోర్ స్ట్రోక్ బండిలో అది ఇంజిన్ ఆయిల్ కాలుతున్న గుర్తు. కార్బురేటర్‌ను ఎంత సర్దినా పోదు.

ప్లగ్గు చదవడం ఎలా?

ప్లగ్గు రంగు చూసి మిశ్రమం సంగతి చెప్పడం మెకానిక్‌ల పాత విద్య. కాకపోతే ఇంటి ముందు స్లోలో పావుగంట ఉంచి తీస్తే ఏ ప్లగ్గయినా నల్లగానే కనిపిస్తుంది. ఐదారు కిలోమీటర్లు మామూలు వేగంతో నడిపి, ఇంజిన్ ఆపి, చల్లారాక తీయాలి. లేత ఇటుక రంగో, పాలెక్కువైన కాఫీ రంగో ఉంటే క్షేమం. పొడి నలుపు అయితే పెట్రోలు ఎక్కువ. జిడ్డు నలుపు అయితే ఆయిల్. తెలుపైతే గాలి ఎక్కువ.

పొల్యూషన్ సర్టిఫికెట్‌ను కూడా చాలామంది పోలీసులకు చూపించే కాగితంగానే చూస్తారు. అందులో ఉండే కార్బన్ మోనాక్సైడ్ అంకె మీ బండి ఆరోగ్య రహస్యం. 2000 ఏప్రిల్‌కు ముందు తయారైన ద్విచక్ర వాహనాలకు 4.5 శాతం, ఆ తర్వాత వచ్చిన పాత తరం బండ్లకు 3.5 శాతం హద్దు. అంకె హద్దుకు దగ్గరగానో, దాటో ఉంటే స్లోలో మిశ్రమం రిచ్‌గా ఉన్నట్టే. అది తక్కువగా ఉండి పక్కన హైడ్రోకార్బన్ల అంకె బాగా ఎక్కువుంటే పెట్రోలు కాలకుండానే బయటికి పోతోందన్నమాట. ప్లగ్గు మిస్ కొట్టడమో, మరీ లీన్‌గా ఉండటమో కారణం కావచ్చు. పాత సర్టిఫికెట్లు దాచి పక్కపక్కన పెట్టి చూస్తే తేడా ఇట్టే తెలుస్తుంది.

ఎక్కడ తడబడుతోంది?

ఎక్సలేటర్ పిడి మీద ఓ చిన్న తెల్ల ప్లాస్టర్ ముక్క అంటించండి. దానికి ఎదురుగా మరో ముక్క. పిడి ఎంత తిరిగినప్పుడు బండి తడబడుతోందో తెలిసిపోతుంది. స్లోలో, లేదా కొద్దిగా తిప్పినప్పుడే ఇబ్బందైతే పైలట్ జెట్టు, దాని స్క్రూ. పావు నుంచి ముప్పావు మధ్యలో అయితే సూది. పూర్తిగా తిప్పినప్పుడే అయితే మెయిన్ జెట్టు, లేదంటే ట్యాంకులోంచి పెట్రోలు సరిగా దిగకపోవడం. ‘మైలేజీ రావట్లేదు’ అని చెప్పడం కన్నా ‘సగం తిప్పాక జర్కులిస్తోంది’ అని చెబితే మెకానిక్‌కు గంట పని మిగులుతుంది.

విప్పేముందు వరస తప్పొద్దు

కార్బురేటర్‌ను ముట్టుకునే ముందు దాని చుట్టుపక్కల వాళ్లను విచారించాలి.

* పెట్రోలు: కార్బురేటర్ దగ్గర పైపు లాగి, సీసాలో పెట్టి ట్యాప్ తిప్పండి. ధార ఆగకుండా పడాలి. మొదట బాగా పడి క్రమంగా సన్నబడితే ఫిల్టర్‌లోనో, ట్యాంకులోనో అడ్డుంది. ఈ పని చల్లని ఇంజిన్ మీద, ఆరుబయటే చేయాలి. దగ్గర్లో పొయ్యి, సిగరెట్, అగరొత్తి ఏదీ ఉండకూడదు.

* గాలి: ఎయిర్ ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోతే మిశ్రమం రిచ్ అవుతుంది. చాలా నల్లపొగ కేసులు ఇక్కడే తేలిపోతాయి.

* దొంగగాలి: కార్బురేటర్‌కూ ఇంజిన్‌కూ మధ్య ఉండే రబ్బరు, వాషర్లు ఏళ్లు గడిచేకొద్దీ పగుళ్లిస్తాయి. ఆ సందుల్లోంచి లెక్కలో లేని గాలి దూరుతుంది. బండి స్లోలో ఉన్నప్పుడు ఆ అతుకుల మీద స్ప్రే సీసాతో కాస్త సబ్బునీళ్లు చల్లండి. శబ్దం మారితే దొంగ దొరికినట్టే. కొందరు ఇందుకు పెట్రోలు చల్లుతారు. వేడి ఇంజిన్ మీద అంత ప్రమాదం ఇంకోటి లేదు.

* నిప్పు: ప్లగ్గు, దాని క్యాప్, కాయిల్. పాతబడ్డ కాయిల్ కూడా వేడెక్కాక మొరాయించి చల్లారాక పనిచేస్తుంది. అచ్చం పెట్రోలు జబ్బులాగే! తేడా ఒకటే. పెట్రోలు అందకపోతే బండి ఆయాసపడుతూ మెల్లగా ఆగుతుంది. కాయిల్ అయితే స్విచ్ తీసినట్టు టక్కున ఆగుతుంది.

* టాపెట్లు: వీటి సందు తేడా వస్తే వాల్వులు సరిగా మూసుకోవు. స్లోలో బండి నిలవదు. ఎంత ట్యూనింగ్ చేసినా వృథా.

ఇవన్నీ సరిగా ఉన్నాయని తేలాకే కార్బురేటర్ విప్పాలి. విప్పినా జెట్టు రంధ్రాల్లో పిన్నీసు, తీగ పెట్టి పొడవకూడదు. ఇత్తడి మెత్తన. రంధ్రం వెంట్రుకవాసి పెద్దదైనా మిశ్రమం శాశ్వతంగా మారిపోతుంది. కార్బురేటర్ క్లీనర్‌తో తడిపి, గాలి కొట్టి శుభ్రం చేయించాలి.

స్క్రూ తిప్పడానికీ పద్ధతుంది

కార్బురేటర్‌కు బయటి నుంచి తిప్పే స్క్రూలు సాధారణంగా రెండు. ఒకటి స్లో స్పీడ్‌ను పెంచేది, తగ్గించేది. రెండోది మిశ్రమాన్ని మార్చేది. మైలేజీ కోసమని ఒకదానికి బదులు ఇంకోటి తిప్పేవాళ్లు బోలెడుమంది. మిశ్రమం స్క్రూ ఇంజిన్ వైపు ఉంటే అది పెట్రోలు స్క్రూ... బయటికి తిప్పితే పెట్రోలు పెరుగుతుంది. ఎయిర్ ఫిల్టర్ వైపు ఉంటే గాలి స్క్రూ... బయటికి తిప్పితే గాలి పెరుగుతుంది. అంటే ఒకే తిప్పుడుకు రెండు బండ్లలో రెండు ఫలితాలు!

తిప్పేముందు మెల్లగా లోపలికి బిగించి ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి కాగితం మీద రాసుకోవాలి. గట్టిగా బిగిస్తే కొన విరుగుతుంది. తర్వాత అన్ని చుట్లూ వెనక్కి తిప్పి మొదటి చోటికే తేవాలి. ఇంజిన్‌ను బాగా వేడెక్కించి, పావు చుట్టు చొప్పున తిప్పుతూ ఇంజిన్ శబ్దం ఎక్కడ ఎక్కువగా, నిలకడగా ఉందో అక్కడ ఆపాలి. ఆ తర్వాతే స్లో స్పీడ్ తగ్గించుకోవాలి. ఒకసారికి ఒక్కటే మార్చాలి. రెండు మారిస్తే ఏది పనిచేసిందో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు.

ఇదంతా ఆరుబయటే. మూసిన షెడ్డులో ఇంజిన్ నడిపితే కార్బన్ మోనాక్సైడ్ పోగవుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. ప్రాణాలే తీస్తుంది. రిచ్‌గా ఉన్న బండి దాన్ని ఇంకా ఎక్కువగా వదులుతుంది.

పెట్రోలు మారింది... బండి మారలేదు

ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోలులో 20 శాతం వరకూ ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి పాత కార్బురేటర్ అదే కొలతతో పోసినా మిశ్రమం కాస్త లీన్ వైపు జరుగుతుంది. పాతకాలపు రబ్బరు వాషర్లు, పైపులు దానికి ఉబ్బడమో, పగలడమో జరగొచ్చు. కాబట్టి పాత బండికి పెట్రోలు పైపు, ఓరింగులు, ఫ్లోటు సూది ఓసారి చూపించుకోవడం మంచిది.

అలాగని ప్రతి లోపాన్నీ ఇథనాల్ మీదికి నెట్టకూడదు. ఇలాంటి ద్విచక్ర వాహనాలకు 20 శాతం ఇథనాల్ వల్ల మైలేజీ 3 నుంచి 4 శాతం తగ్గొచ్చని నీతి ఆయోగ్ 2021 నివేదిక అంచనా వేసింది. అంటే 60 ఇచ్చే బండి 58 ఇవ్వొచ్చు. 45కి పడిపోయిందంటే కారణం ఇంకెక్కడో ఉంది.

నెలల తరబడి వాడని బండిదీ ఇదే కథ. గిన్నెలో మిగిలిన పెట్రోలు జిగురుగా మారి పైలట్ జెట్టును మూసేస్తుంది. రెండు మూడు వారాలకు మించి ఊరెళ్లేట్టుంటే ట్యాప్ మూసి, ఇంజిన్ దానంతటదే ఆగేదాకా నడిపి ఉంచితే చాలు. నిలబెట్టిన బండి కింద పెట్రోలు చుక్కలు కనిపిస్తే మాత్రం ఉపేక్షించొద్దు. ఫ్లోటు సూది మూసుకోవట్లేదన్నమాట. ఆ పెట్రోలు ఇంజిన్ ఆయిల్‌లోకి దిగితే ఆయిల్ పలచబడి ఇంజిన్ అరిగిపోతుంది. ఆయిల్ మట్టం పెరిగినా, పెట్రోలు వాసనేసినా బండి తీయకుండా మెకానిక్‌ను పిలవాలి.

మాస్టారి బండికి ఏమైందంటే...

చివరికి మాస్టారు స్టేషన్ దగ్గర పాతికేళ్లుగా షెడ్డు నడుపుతున్న పెద్దాయన దగ్గరికి వెళ్లారు. ఆయన స్పానర్ పట్టలేదు. స్టూలు చూపించాడు.

‘కూర్చోండి మాస్టారూ. ఆగేటప్పుడు టక్కున ఆగుతోందా, ఆయాసపడి ఆగుతోందా?’

‘ఆయాసపడే భాయ్.’

‘ట్యాంకు ఫుల్ చేయించిన రోజు ఇంకా తొందరగా ఆగుతోందా?’

మాస్టారు ఓ క్షణం ఆలోచించారు. ‘అవును! అదెలా తెలిసింది?’

భాయ్ నవ్వి బండెక్కి ఊరి చివరిదాకా వెళ్దామన్నాడు. మూడో కిలోమీటరు దగ్గర యథాప్రకారం బండికి ఆయాసం మొదలై ఆగింది. ఆయన రోడ్డు పక్కకి నెట్టి ట్యాంకు మూత తెరిచాడు. ‘స్‌స్‌స్’మంటూ గాలి లోపలికి పోయిన శబ్దం. పది నిమిషాలు ఆగాల్సిన పనే లేకపోయింది. రెండో కిక్కుకు బండి లేచింది.

ట్యాంకు మూతకు సన్నటి గాలి రంధ్రం ఉంటుంది. పెట్రోలు దిగినకొద్దీ ఆ ఖాళీలోకి గాలి రావాలి. మూతను ప్రేమగా పాలిష్ పెట్టి తుడిచీ తుడిచీ మాస్టారే ఆ రంధ్రాన్ని పూడ్చేశారు. గాలి రాకపోతే లోపల శూన్యం ఏర్పడి పెట్రోలు కిందికి దిగదు. ట్యాంకు నిండా ఉంటే లోపల గాలి తక్కువ కాబట్టి ఆ శూన్యం ఇంకా త్వరగా వస్తుంది. కాసేపు నిలబెడితే అంచుల్లోంచి గాలి కొద్దికొద్దిగా దూరి బండి మళ్లీ కదులుతుంది. అంతే సంగతి!

రంధ్రం శుభ్రం చేశాక భాయ్ ప్లగ్గు తీసి చూపించాడు. నల్లటి మసి. అది అసలు జబ్బు కాదు, ముగ్గురు చేతులు మారిన స్క్రూ తెచ్చిపెట్టిన జబ్బు. పావు చుట్టు, పావు చుట్టు చొప్పున దాన్నీ దారిలోకి తెచ్చాడు. మాస్టారు పాత కార్బురేటర్‌ను సంచిలో వెంట తెచ్చారు. దాన్ని అటూఇటూ తిప్పి చూసి ‘దీనికేం కాలేదు మాస్టారూ, దాచుకోండి’ అని చేతిలో పెట్టాడు.

ఆ సాయంత్రం మాస్టారు కొడుక్కి ఫోన్ చేశారు. బండి అమ్మట్లేదన్నారు. కొడుకు అడిగిన ప్రశ్నను మాత్రం మర్చిపోలేదు. వారం రోజులు ఊళ్లోనే తిప్పి, ఎక్కడా ఆగలేదని నమ్మకం కుదిరాకే హైవే ఎక్కుతానని మాటిచ్చారు. మూత పాలిష్ చేయడం కూడా మానేశారట.